మొహాల్లేని చుక్కలు

జనవరి 11

ఆఖరి ప్రాజెక్టుకి అంశం ఖరారైంది. ఇంటీరియర్ ఆర్కిటెక్చర్‌లో పీజీ వెలగబెడుతున్న పధ్నాలుగుమంది మేధావులం ఈ పొద్దున స్టూడియోలో ఒక్కొక్కరమే లేచి, ఏ గదిని ఉద్ధరించబోతున్నామో లోకానికి ప్రకటించాం. కాఫీ షాపులు ఐదు. హోటల్ లాబీలు మూడు. పెంపుడు పిల్లులకి సెలూన్ ఒకటి. మూడ్‌బోర్డు ధ్యానమందిరం తీసుకుంది. ఎప్పుడు చూసినా గుడ్డముక్కలూ రంగు చీటీలూ అట్టకి గుచ్చుతూ ఉంటుంది కాబట్టి దానికా పేరు పెట్టాను. అది నాకేం పేరు పెట్టిందో నాకు తెలుసు. రాయను.

నేను ఫ్యామిలీ కోర్టు రెండో అంతస్తులో వెయిటింగ్ హాలు తీసుకున్నాను.

"ఇందులో కథ ఏదీ?" అన్నాడు మా గైడ్. ఆయనకి ప్రతి గదిలోనూ కథ కావాలి. మరుగుదొడ్డి డ్రాయింగ్ చూపించినా అదే ప్రశ్న.

లేచి నిలబడి చెప్పాను. గోడ అనేది ఆస్తికి పుట్టిన మొదటి బిడ్డ అని. మనుషుల్ని వరసల్లో కూర్చోబెట్టినవాడే వాళ్ళని ఏలుతాడని. ఫుట్‌పాత్ మీద కొన్న పుస్తకంలో రెండో అధ్యాయం మొత్తం ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాను. క్లాసులో ఒక్కళ్ళూ కదల్లేదు. అది ఏకీభావమో నిద్రో తేలకముందే ఆయన "సరే చెయ్, కానీ అందంగా చెయ్" అన్నాడు.

అక్క విడాకుల కేసు అదే కోర్టులో నడుస్తోందన్నది కేవలం యాదృచ్ఛికం. గైడ్‌కి అలాగే చెప్పాను, నమ్మాడు. అమ్మకీ అలాగే చెప్పాను. అమ్మ నా మొహంకేసి ఒకసారి చూసి మళ్ళీ కూర తరుక్కోసాగింది.

జనవరి 19

హాలు చూశాను. దీన్ని కట్టినవాడికి మనుషులంటే ఏదో పాతకక్ష ఉండి ఉండాలి.

ఇనప కుర్చీలు, మూడేసి కలిపి నేలకి బోల్టులు బిగించినవి. అన్నీ కోర్టు గది తలుపుకే దణ్ణం పెడుతున్నట్టు ఒకే దిక్కుకి తిరిగి ఉన్నాయి. మధ్యలో ఒక లావుపాటి స్తంభం. ఓ మూల మంచినీళ్ళ ఫిల్టరు. గడియ విరిగి తెరుచుకోని కిటికీ. తలుపు దగ్గర స్టూలు మీద అటెండరు. ఆయన గొంతు వింటే సముద్రం మీద ఓడలకి దారి చూపించే ఉద్యోగం తప్పిపోయి ఇక్కడికొచ్చాడనిపిస్తుంది. పార్టీల పేర్లు ఆయన పిలుస్తుంటే కిందంతస్తు వాళ్ళ కాపురాలు కూడా కదిలిపోతాయి.

పైఅంతస్తుకెళ్ళే మెట్ల మీద కూర్చుంటే హాలంతా కింద పరిచినట్టు కనపడుతుంది. అక్కడ కూర్చుని మా పద్ధతి ప్రకారం బిహేవియర్ మ్యాప్ గీశాను. హాలు ప్లాను ముందు పెట్టుకుని, కాసేపటికోసారి ఎవరెక్కడున్నారో చూసి, ఒక్కో మనిషికి ఒక్కో చుక్క పెట్టడం. రోజు గడిచేసరికి చుక్కలే చెబుతాయి ఆ చోటి సంగతి. శాస్త్రీయం. భావోద్వేగాలకి తావు లేదు.

చుక్కలు ఏం చెప్పాయంటే: మధ్యలో ఉన్న కుర్చీలు ఖాళీ. జనమంతా ఫిల్టరు దగ్గర, స్తంభం వెనక, మెట్ల మలుపులో గుంపులు గుంపులుగా నిలబడ్డారు. అంటే అధికారం వేసిన కుర్చీలని ప్రజలు తిరస్కరించారు. తమంతట తాము సమూహాలుగా ఏర్పడ్డారు!

పుస్తకంలో ఉన్నది నేల మీద కనపడటం అంటే మాటలా?

జనవరి 20

మళ్ళీ వెళ్ళి మళ్ళీ చుక్కలు పెట్టాను. సిద్ధాంతం మళ్ళీ నిజమైంది. సిద్ధాంతాలకి ఆ అలవాటుంది.

ఫిబ్రవరి 2

ఇవాళ అక్క వాయిదా. పన్నెండింటికల్లా ఇంటికొచ్చేసింది. చెప్పులు విప్పి, నా మంచం మీద (ఏడాదిగా అది అక్క మంచం, నేను చాప మీద, నా మోడళ్ళు మంచం కింద) గోడవైపు తిరిగి పడుకుంది.

"పిలిచారా?" అన్నాను.

"తెలీదు."

"తెలీకపోవడమేంటి? అక్కడే కదా ఉన్నావ్?"

"మెట్ల మలుపు దాకా వెళ్ళాను. ఆయన అప్పటికే కూర్చుని ఉన్నాడు. వచ్చేశాను."

ఇలా రావడం ఇది రెండోసారి. సాయంత్రం లాయరమ్మ ఫోన్. స్పీకర్లో పెట్టించాను. "చూడమ్మా, కేసు వేసింది నువ్వు. పిలిచినప్పుడు నువ్వే లేకపోతే ఎలా? మార్చి ఇరవై రెండున కూడా పలక్కపోతే కొట్టేస్తారు. మళ్ళీ మొదట్నించీ మొదలెట్టుకోవాలి. నాకేం, నేను నల్లకోటు వేసుకుని తిరుగుతూనే ఉంటాను."

"వస్తానండీ" అంది అక్క.

"పోయినసారి కూడా ఇదే గొంతుతో ఇదే మాట అన్నావు."

అమ్మ ఉండబట్టలేక వంటింట్లోంచే అంది: "చిన్నది ఎలాగూ ఆ కోర్టులోనే పడి కుర్చీలు కొలుస్తోందిగా. ఇవాళ దీని పక్కన నిలబడి ఉంటే అరిగిపోయేదా?"

స్టూడియోలో సబ్మిషన్ ఉందని చెప్పాను. ఉంది కూడా. సాయంత్రం ఐదింటికి.

ఫిబ్రవరి 3

అక్కకి ధైర్యం చెప్పాను. భయమనేది మనలో ఎవరో నాటిన మొక్క అనీ, దానికి నీళ్ళు పోయడం మానేస్తే చాలనీ చదివి వినిపించాను.

అక్క కళ్ళాసుపత్రిలో అద్దాల నంబర్లు చూస్తుంది. రోజంతా జనం చేత గోడ మీది అక్షరాలు చదివించే మనిషి. ఓపికగా విని అడిగింది: "ఎన్ని పేజీలే నీ పుస్తకం?"

"ముప్పై రెండు."

"నా కాపురం ఆరేళ్ళు" అని లైటు ఆర్పేసింది.

అన్యాయం ఏంటంటే, బావలో ఒక విలన్ అయినా దొరకడు నాకు. కొట్టలేదు, తిట్టలేదు, తాగలేదు. మాట్లాడడం మానేశాడట, అంతే. "ఎందుకు?" అని అడిగితే "ఏం లేదు" అనేవాడట. మా పుస్తకాల్లో దీనికి అధ్యాయం లేదు. మాట్లాడని మనిషి మీద ఏమని నినాదం రాస్తాం?

ఫిబ్రవరి 17

దొరికింది! వృత్తం!

బోల్టులన్నీ ఊడబీకి, స్తంభం చుట్టూ పెద్ద వృత్తంలో చెక్క బల్లలు. ముందు లేదు, వెనక లేదు, వరస లేదు. అందరూ అందరికీ ఎదురుగా. కోర్టులోకి వెళ్ళకముందే మనుషులు మనుషుల్ని చూస్తారు, మాట్లాడుకుంటారు, సగం కేసులు అక్కడే ఆవిరైపోతాయి. నా చుక్కలు కోరుకున్నది అదే. గుంపు కట్టాలనే వాళ్ళ తపనకి నేను ఆకారం ఇస్తున్నానంతే.

గైడ్ మోడల్ చుట్టూ ప్రదక్షిణ చేసి, "ఇదిగో, ఇప్పుడొచ్చింది కథ" అన్నాడు. ఆయన కళ్ళు చెమర్చాయి. ఆయనకి లైటు ఫిట్టింగులు చూసినా చెమరుస్తాయి.

మూడ్‌బోర్డు మాత్రం మోడల్లోకి వంగి చూసింది. అట్టతో కత్తిరించిన బుల్లి మనుషుల్లో ఇద్దర్ని వేలితో చూపించి, "మిగతావన్నీ తెల్లగా ఉన్నాయి. వీళ్ళిద్దరికే రంగెందుకేశావ్? ఎవరు వీళ్ళు?" అంది.

"యూజర్లు."

"ఎదురెదురుగా పెట్టావ్."

"వృత్తంలో అందరూ ఎదురెదురుగానే ఉంటారు. జ్యామెట్రీ చదువుకోలేదా?"

ధ్యానమందిరం కట్టేవాళ్ళకి ఇంత ఆరా ఎందుకో!

ఫిబ్రవరి 18

బావ గురించి రాయదలచుకోలేదు.

నా డిగ్రీ రోజుల్లో ప్రతి డ్రాయింగూ ఆయన చూసేవాడు. సివిల్ ఇంజనీరు. ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింట్లో డైనింగ్ టేబుల్ నిండా నా షీట్లు పరిచి, ఎర్ర పెన్సిల్ చెవి మీద పెట్టుకుని, "మరదలుగారూ, ఈ మెట్లెక్కితే తల స్లాబుకి కొట్టుకుంటుంది" అంటూ గంటలు గంటలు. అక్క మధ్యమధ్యలో టీ ఇచ్చి వెళ్ళేది. టీ ఇచ్చి కాసేపు నిలబడేది కూడా. ఇద్దరం షీట్లోంచి తలెత్తేవాళ్ళం కాదు.

నిన్న మెసేజ్ పెట్టాడు: "థీసిస్ ఎంతవరకు వచ్చింది?"

జవాబివ్వలేదు. బదులుగా, ఎదురుపడితే ఆయన మొహాన చదవాల్సిన ప్రసంగం ఒకటి రాశాను. పది పేజీలొచ్చింది. మౌనం కూడా హింసే అన్న చోట నా కంఠం ఎలా పలకాలో అద్దం ముందు చూసుకున్నాను. బ్రహ్మాండం. ఒక్క ముక్కకి జవాబు చెప్పలేడు.

మార్చి 5

ప్రజలకి శిక్షణ అవసరం.

ఇవాళ స్టూడియోలో నా వృత్తాన్ని అసలు సైజులో వేసి చూశాం. అట్టపెట్టెలు, అరువు కుర్చీలు, స్తంభం బదులు నీళ్ళ డ్రమ్ము. క్లాసువాళ్ళని బతిమాలి కూర్చోబెట్టాను. మీరు కోర్టుకొచ్చారు, మీ పిలుపు కోసం చూస్తున్నారు, కాసేపలా ఉండండి, అంతే.

మొదట పిల్లుల సెలూనువాడు కుర్చీ కొంచెం వెనక్కి లాక్కున్నాడు. పక్కవాడు కొంచెం పక్కకి తిప్పాడు. ఒకమ్మాయి ఫోను తీసి మొహానికి అడ్డం పెట్టుకుంది. మూడ్‌బోర్డు నిదానంగా లేచి, కుర్చీని పూర్తిగా వెనక్కి తిప్పి, గోడ వంక చూస్తూ కూర్చుంది.

"ఏంటది?" అరిచాను.

"ఏమో. ఎదుటివాళ్ళు చూస్తుంటే నేనేదో తప్పు చేసినట్టుంది."

"ఎవరూ నిన్ను చూడట్లేదు!"

"నువ్వు చూస్తున్నావుగా తల్లీ, పులిలా."

చివరికి నా వృత్తం ఎవరో తన్నిన అట్టపెట్టెలా తయారైంది. గైడ్ నా భుజం తట్టి, "యూజర్లకి అలవాటవ్వాలి, డ్రాయింగు మాత్రం ముట్టుకోకు" అన్నాడు. మొదటిసారి ఆయనా నేనూ ఒక్క మాట మీద ఉన్నాం. ఇందులో నేను కంగారు పడాల్సిందేమైనా ఉందేమో రేపు ఆలోచిస్తాను.

మార్చి 12

కిటికీ ఎత్తు కొలవడం మర్చిపోతే మళ్ళీ కోర్టుకెళ్ళాను. టేపు తీసి కొలుస్తున్నాను. మెట్ల మీద బూట్ల చప్పుడు. బావ. చేతిలో ఏవో కాగితాలు.

ప్రసంగం సంచిలోనే ఉంది. పది పేజీలూ.

తర్వాత నేను చూసుకునేసరికి ఫిల్టరు వెనకున్నాను. దాక్కోలేదు. ఫిల్టరు లోతు కొలవాల్సి ఉంది, కొలుస్తున్నాను.

అక్కడ అప్పటికే ఇద్దరున్నారు. ఫైలు గుండెలకి అదుముకున్న ఒకావిడ, గొడుగు పట్టుకున్న ఒక పెద్దాయన. నేను చొరబడగానే ఇద్దరూ కొంచెం జరిగి చోటిచ్చారు. పలకరింపు లేదు. నా వంకైనా చూడలేదు. ఆవిడ మొహం మెట్ల వైపు. ఆయన మొహం స్తంభం వైపు. నా మొహం, తప్పదు కాబట్టి రాస్తున్నాను, ఫిల్టరు సందులోంచి బావ వెళ్ళే వైపు. ముగ్గురి వీపులూ దాదాపు ఆనుకుని ఉన్నాయి.

బావ పక్క గదిలోకి వెళ్ళాక ఆవిడని మెల్లిగా అడిగాను, "అన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నాయి కదండీ, కూర్చోరేం?"

"కూర్చుంటే వచ్చేవాళ్ళు మనల్ని ముందు చూస్తారమ్మా. ఇక్కడైతే మనం వాళ్ళని ముందు చూస్తాం" అని మళ్ళీ మెట్లకేసి తిరిగింది.

పైనుంచి చూస్తే ఇది ఏమవుతుందో నాకు తెలుసు. దగ్గర దగ్గరగా మూడు చుక్కలు. సమూహం.

చుక్కకి మొహం ఉండదు. వీపు ఉండదు. రోజుల తరబడి పైన కూర్చుని, దాక్కున్న మనుషులందర్నీ లెక్కపెట్టి, వీళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోవాలని తహతహలాడుతున్నారని తేల్చాను. శాస్త్రీయంగా.

మార్చి 13

గైడ్‌తో చెప్పాను, వృత్తం తప్పని. నా డ్రాయింగులన్నీ ఉన్న బోర్డు అప్పటికే ప్రింటుకి వెళ్ళిపోయిందన్నాడు. "ఆఖర్లో అందరికీ ఇలాంటి భయాలే వస్తాయి. జ్యూరీలో నవ్వుతూ నిలబడు, చాలు" అన్నాడు.

జ్యూరీ, అంటే బయటి ఆర్కిటెక్టుల ముందు ప్రాజెక్టు నిలబెట్టి మార్కులు తెచ్చుకునే తంతు, మార్చి ఇరవై రెండు. పదకొండింటికి.

మార్చి 15

అమ్మ అడిగింది, అక్కతో ఎవరెళ్తారని. మోకాళ్ళు సహకరిస్తే తనే వెళ్ళేదాన్నంది. రెండంతస్తులు ఎక్కలేదు.

"నాకు జ్యూరీ అమ్మా. తప్పితే ఇంకో ఆర్నెల్లు ఆగాలి."

"వెళ్ళవే, నేను వెళ్ళగలను. లాయరమ్మ ఉంటుందిగా" అంది అక్క. కూరగాయల సంచిలోంచి ఒక్కొక్కటే తీసి బల్ల మీద వరసగా పెడుతోంది. అన్నీ పెట్టాక మళ్ళీ సంచిలో వేసింది.

మార్చి 20

లాయరమ్మకి అదే రోజు ఇంకో కోర్టులో కూడా కేసుందట. "పిలిచే టైముకి వచ్చేస్తాలే" అంది.

మార్చి 22

అన్నీ వరసగా రాయాలి. లేకపోతే రేపటికి నేనేదో ఘనకార్యం చేసినట్టు గుర్తు పెట్టుకుంటాను.

బోర్డు తలుపంత ఉంది. టాక్సీలో ఏటవాలుగా దూర్చి, దాని కింద అక్కా నేనూ వంగి కూర్చున్నాం. అక్కని కోర్టు దగ్గర దింపి నేను కాలేజీకి వెళ్ళాలి. గేటు ముందు ఆగింది. అక్క దిగలేదు.

"అమ్మా, ఇక్కడ ఆపకూడదు" అన్నాడు డ్రైవరు.

"అక్కా."

"దిగుతున్నా." దిగలేదు.

వెనక హారన్లు. నేనే దిగి, బోర్డు లాగి, అక్క చెయ్యి పట్టుకుని దింపాను. టాక్సీ వెళ్ళిపోయింది. సరే, పైదాకా తీసుకెళ్ళి కూర్చోబెట్టి పరిగెత్తుదామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

పైన జాతరలా ఉంది. ఫిల్టరు వెనక చోటు లేదు. స్తంభం వెనక చోటు లేదు. మిగిలినవి మధ్య కుర్చీలే. ఒక వరస చివర ఒక కుర్చీ, మెట్లెక్కి వచ్చే ప్రతి మనిషి కళ్ళూ నేరుగా పడే చోట. అక్క దాన్ని చూసింది. చెయ్యి మెల్లిగా నా చేతిలోంచి జారిపోతోంది. ఆ జారడం నాకు తెలుసు. రెండు వాయిదాలు అలాగే జారాయి.

"కూర్చో" అన్నాను.

"ఊహూఁ."

"కూర్చోవే బాబూ, ఒక్క నిమిషం!"

కూర్చుంది. నేను బోర్డు తీసుకుని కుర్చీ పక్కన, మెట్లవైపు, నిలువుగా నిలబెట్టి రెండు చేతులా పట్టుకున్నాను. అక్క మాయమైపోయింది. బొమ్మలున్న వైపు హాలుకి, తెల్లటి వీపు అక్కకి. గోడలన్నీ కూలగొట్టాలని ఊరంతా అరిచినదాన్ని, కోర్టు నడిమధ్య ఒక గోడ కట్టి దానికి నేనే స్తంభంలా నిలబడ్డాను.

అటెండరు స్టూలు దిగొచ్చాడు. "ఏంటమ్మా ఇది? ప్రదర్శన పెట్టావా?"

"అడ్డం."

"అడ్డమని తెలుస్తూనే ఉంది, తియ్యి."

"ఎవరి దారికైనా అడ్డమా?"

అటూ ఇటూ చూశాడు. కాదు. బోర్డు వెనక్కి తొంగి చూశాడు. అక్క మోకాళ్ళ మీద చేతులు బిగించి కూర్చుని ఉంది. ఆయన గొంతు తగ్గిపోయింది. అంత గొంతు తగ్గగలదని నాకు తెలీదు. "కింద అంచు జారుద్ది, కాలు పెట్టి పట్టుకో" అని వెళ్ళిపోయాడు.

ఫోను మోగింది. గైడ్. మళ్ళీ మోగింది. మూడ్‌బోర్డు. తర్వాత మళ్ళీ గైడ్. చేతులు ఖాళీ లేవు. ఉన్నా తీసేదాన్ని కాదేమో.

అప్పుడొచ్చాడు బావ.

హాలంతా ఒకసారి చూశాడు. నన్ను చూశాడు. నా ప్రసంగం మొదటి వాక్యం గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుంది. ఆయన దగ్గరికొచ్చాడు, కానీ నా దగ్గరికి కాదు, బోర్డు దగ్గరికి. కళ్ళద్దాలు పైకి నెట్టుకుని వంగి చూడటం మొదలుపెట్టాడు.

"ఇదేనా థీసిస్? ఈ హాలే! భలే. ఉత్తర దిక్కు గుర్తు పెట్టలేదేం?"

జారుతున్న కింద అంచుని కాలితో అదిమి పట్టాను.

"సెక్షన్ డ్రాయింగు బాగుంది. లైన్లు బాగా మెరుగయ్యాయి నీవి. ఈ వృత్తంలోకి దారెటు? ఒకవైపు తెరిచి పెట్టాలి, లేకపోతే లోపలివాళ్ళు లేవాలంటే పదిమందిని తొక్కుకుంటూ రావాలి. చూసుకోలేదా?"

చూసుకోలేదు.

"అందరూ ఎదురెదురుగా ఎందుకు?"

"మాట్లాడుకుంటారని" అన్నాను.

తల పంకించాడు. ఎగతాళి కాదు, నిజంగానే. "మంచి ఆలోచన."

బోర్డు అంచు పట్టుకున్న నా వేళ్ళకి అటువైపు ఏదో తగిలింది. అక్క తల. బోర్డుకి ఆనించింది.

ఆయన చెబుతూనే ఉన్నాడు. బల్ల వెడల్పు. నేల మీద రాయి వేస్తే జారుతుందని. జ్యూరీలో ఎవరెవరుంటారని. నేను వేచి చూస్తున్నాను. ఒక్క ప్రశ్న కోసం. మీ అక్క వచ్చిందా? ఎలా ఉంది? ఎక్కడుంది? ఏదైనా సరే. ఆయన మాటకీ మాటకీ మధ్య నేను చోటు వదులుతున్నాను, మా గైడ్ భాషలో ఖాళీ స్థలం.

చివరికి నేనే అందించాను. "ఇంకేమైనా అడగాలా బావా?"

ఆలోచించాడు. బోర్డుని పైనుంచి కిందిదాకా మళ్ళీ చూశాడు.

"కింద అక్షరాలు మరీ చిన్నవి. దూరం నుంచి కనపడవు. పెద్దవి చెయ్."

అప్పుడే అటెండరు పిలిచాడు, అక్క పేరు, ఆయన పేరు, కిందంతస్తు దాకా. బోర్డు వెనకనుంచి అక్క లేచి నిలబడింది. బావ ఒక్క అడుగు వెనక్కి వేశాడు, గోడ లేచి నడిచొచ్చినట్టు. మెట్ల మీంచి లాయరమ్మ ఆయాసపడుతూ వస్తోంది.

అక్క ఆయన వంక చూసింది. కోపంగా కాదు. ఆసుపత్రిలో అద్దాల నంబరు తేలాక చూసే చూపు. తర్వాత హ్యాండ్‌బ్యాగు నా భుజానికి తగిలించింది.

"ఎంత వివరంగా చెప్పాడే! అన్నీ మార్చుకో" అంది.

తలుపు దాకా నడిచింది. తలుపు దగ్గర ఆగలేదు. బావ వెనకాల వెళ్ళాడు.

నేను అక్క కుర్చీలో కూర్చున్నాను. బోర్డుని ఇంకా పట్టుకునే ఉన్నాను, ఎందుకో. జ్యూరీ పోయింది. ఇంకో ఆర్నెల్లు. కళ్ళు ఒకటే మంట. ఆ హాల్లో దుమ్ము అంతా ఇంతా కాదు, గాలి వచ్చే దారే లేదు. కొత్త డ్రాయింగులో ముందు ఆ కిటికీ సంగతి చూడాలి.